పదహారేళ్ళకే కాలేజీకి పంపాలా?

1944లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీకి విద్యార్థులు కరువయ్యారు. ఆ వయసు కుర్రాళ్ళు చాలామంది యుద్ధానికి వెళ్ళిపోయారు. సీట్లు నింపుకోవడానికి, హైస్కూల్లో 11వ తరగతి అయిన పిల్లలు ప్రవేశ పరీక్ష పాసైతే చేర్చుకుంటామంది కాలేజీ. అలా 12వ తరగతి చదవకుండా 15 ఏళ్ళకే చేరినవాళ్ళలో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ఒకరు. అప్పటికి తన చదివే సామర్థ్యం ఎనిమిదో తరగతి స్థాయిలోనే ఉందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ఆ లోటు పూడ్చుకుని, 1948లో, 19 ఏళ్ళకు సోషియాలజీలో డిగ్రీ పుచ్చుకున్నారు.

1951లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు పెట్టి ఇదే పనిని పెద్ద ఎత్తున చేయించింది. యేల్, కొలంబియా, షికాగో, విస్కాన్సిన్ యూనివర్సిటీలు పదహారేళ్ళ కుర్రాళ్ళను హైస్కూల్ పూర్తికాకుండానే చేర్చుకున్నాయి. అప్పుడు కొరియా యుద్ధం నడుస్తోంది. 18 దాటాక సైన్యం నుంచి పిలుపు రావచ్చు కాబట్టి, ఆలోపు రెండేళ్ళ కాలేజీ చదువైనా అయిపోవాలన్నది వాళ్ళ లెక్క.

ఈ రెండూ ముందే చెప్పడానికి కారణం ఉంది. పిల్లల్ని ముందుగా చేర్చుకోవడానికి కాలేజీ తలుపు తెరిచిందంటే, తెరిచినవాళ్ళకు తమదంటూ ఒక అవసరం ఉండొచ్చు. ఇవాళ అది అడ్మిషన్ల సంఖ్య కావచ్చు, రాష్ట్రానికి ఇంజనీర్లు కావాలన్న కోరిక కావచ్చు. అందులో తప్పేమీ లేదు. కానీ సీటు వచ్చింది కాబట్టి మా అమ్మాయి సిద్ధంగా ఉన్నట్టే అనుకోవడం మాత్రం పొరపాటు. సీటు ఇవ్వాలా వద్దా అని చూసేవాళ్ళు సీటు గురించే చూస్తారు. మిగతాది ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఈ చర్చ ఎక్కువగా పిల్లలు పదో తరగతిలో ఉండగా, వచ్చే ఏడాది ఏ సబ్జెక్టులు తీసుకోవాలో స్కూలు అడిగినప్పుడు మొదలవుతుంది. పిల్లవాడు అప్పటికే కాల్‌క్యులస్ పూర్తి చేసేశాడు, స్కూల్లో ఆపైన లెక్కల క్లాసు లేదు. ఒక్కో ఇంట్లో కారణం వేరు: పిల్లకు స్కూలంటే విసుగు పుట్టింది, లేదా తండ్రి రెండేళ్ళ ఖర్చు లెక్కేశాడు, లేదా వీసా భయం. కారణం ఏదైనా చివరికి అందరూ ఒకే మాట దగ్గరికి వస్తారు: "11, 12 ఎందుకు, నేరుగా కాలేజీకి పంపేస్తే?"

ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కాలేజీ స్థాయి పాఠాలు చదవాలా అన్నది మొదటిది. హైస్కూల్ విద్యార్థిగా ఉండటం మానేయాలా అన్నది రెండోది. మొదటిదానికి, పిల్లకు ఆసక్తి ఉంటే, దాదాపు ఎప్పుడూ అవుననే చెప్పొచ్చు. రెండోదానికి అవునని చెప్పాల్సిన పరిస్థితి అరుదు. ఇబ్బందంతా ఈ రెంటినీ ఒకటిగా చూడటంతోనే వస్తోందని నా నమ్మకం.

"మేం పదిహేనేళ్ళకే వెళ్ళలేదా?"

మన తరం తల్లిదండ్రులకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పదో తరగతి కాగానే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో పడి ఇంటర్ చదివినవాళ్ళం. పదిహేనేళ్ళకు ఇల్లు వదిలి, తెల్లవారుజామున స్టడీ అవర్‌కు కూర్చున్నవాళ్ళం. అందుకే పదహారేళ్ళ పిల్ల కాలేజీకి వెళ్ళడం మనకు వింతగా అనిపించదు.

కానీ మనం వెళ్ళింది ఇంటర్‌కి. పేరు కాలేజీ అయినా చదివింది 11, 12 తరగతులే. పక్క మంచం మీద పడుకున్నవాడిదీ మన వయసే. వాడి భయాలూ మనవే. ఇక్కడ 10 తర్వాత మామూలు యూనివర్సిటీలో చేరిన పిల్ల ఇంటర్‌ను దాటేసి బీటెక్ క్లాసులో కూర్చుంటుంది. ల్యాబ్ గ్రూపులో మిగతా ముగ్గురూ ఇరవై ఏళ్ళవాళ్ళు. రాత్రి తొమ్మిదికి ఒకరి అపార్ట్‌మెంట్‌లో కలుద్దామంటారు. ఈ పిల్లకు కారు నడపడం అప్పుడప్పుడే వచ్చింది. తల్లి తీసుకెళ్ళి దింపి, పార్కింగ్‌లో పదకొండు దాకా కూర్చుంటుంది. పాఠం అర్థంకాక ఇబ్బంది పడేవాళ్ళు ఈ పిల్లల్లో తక్కువే. ఇబ్బందంతా పాఠం అయ్యాక మొదలవుతుంది: భోజనానికి ఎవరితో కూర్చోవాలి, వీకెండ్ ఎవరితో గడపాలి, మార్కులు తగ్గినప్పుడు ఎవరితో చెప్పుకోవాలి.

మన దగ్గర దీనికి సరిగ్గా సరిపోయే ఏర్పాటు ఒకటుంది. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పదో తరగతి మార్కులతోనే పల్లెటూరి పిల్లల్ని చేర్చుకుని, రెండేళ్ళ ప్రీ-యూనివర్సిటీ, నాలుగేళ్ళ బీటెక్ ఒకేచోట చదివిస్తారు. పదిహేనేళ్ళ పిల్ల యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంటుంది గానీ ఒంటరిగా ఉండదు. బ్యాచ్ మొత్తం ఆ వయసువాళ్ళే, మొదటి రెండేళ్ళ పాఠాలూ ఆ వయసుకు తగ్గవే. బ్యాచ్‌తో కలిసి వెళ్తున్నామా, ఒక్కళ్ళమే వెళ్తున్నామా అన్నది అమెరికాలోనూ అంతే ముఖ్యం.

స్కూలు వదలకుండానే

మొదటి ప్రశ్నకు జవాబు దొరికే చోట్లు చాలా ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో 1990లో చట్టం చేసి రన్నింగ్ స్టార్ట్ అనే పద్ధతి తెచ్చారు. 11, 12 తరగతుల పిల్లలు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి చదువుకోవచ్చు. ట్యూషన్ ఫీజు ఉండదు, పుస్తకాలూ చిల్లర ఫీజులూ మాత్రం మన ఖర్చు. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ పేరు బాగా తెలుసు. పిల్ల పొద్దున కాలేజీలో లీనియర్ ఆల్జీబ్రా చదివి, మధ్యాహ్నం స్కూల్లో ఆర్కెస్ట్రా ప్రాక్టీసుకు వెళ్ళిపోవచ్చు. ఆ క్రెడిట్లు హైస్కూల్ డిప్లొమాకూ పనికొస్తాయి, కాలేజీకీ పనికొస్తాయి. టెక్సాస్‌లో డ్యుయల్ క్రెడిట్ అంటారు. మిగతా రాష్ట్రాల్లోనూ వేరే పేర్లతో ఇలాంటివి ఉన్నాయి.

దీనిలో గొప్ప సుగుణం ఏమిటంటే, వెనక్కి రావచ్చు. ఒక క్వార్టర్ (అక్కడి కాలేజీ టర్మ్) చూసి, కష్టమనిపిస్తే తర్వాతి క్వార్టర్ నుంచి స్కూలుకే పరిమితం కావచ్చు. తన మిత్రబృందం ఎటూ పోదు. పూర్తిగా కాలేజీలో చేరిపోయాక అంత తేలిగ్గా వెనక్కి రాలేరు.

ఒక హెచ్చరిక మాత్రం. కాలేజీలో వచ్చిన గ్రేడు కాలేజీ గ్రేడే. పదిహేనేళ్ళ వయసులో, కమ్యూనిటీ కాలేజీ కెమిస్ట్రీలో సి వస్తే అది రికార్డులో అలాగే ఉంటుంది. మనవాళ్ళలో మెడిసిన్ ఆశ ఉన్న ఇళ్ళు ఎక్కువ కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. మెడికల్ స్కూళ్ళకు ఉమ్మడిగా దరఖాస్తు చేసే ఆమ్‌కాస్ (AMCAS) పద్ధతిలో హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సులు కూడా చూపించాలి, ఆ గ్రేడులూ లెక్కలోకి వస్తాయి. "ఊరికే ట్రై చేద్దాం" అని ఒకేసారి మూడు సైన్సు కోర్సులు తీసుకునే పిల్లలకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే కథ కూడా స్కూలు వదలడాన్ని చివరి మార్గంగానే చూపిస్తుంది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ దగ్గరికి 1960ల చివర్లో జోసెఫ్ బేట్స్ అనే అబ్బాయిని తీసుకొచ్చారు. అప్పటికే కంప్యూటర్ కోర్సుల్లో పెద్దవాళ్ళను మించిపోయాడు. స్టాన్లీ మొదట చేసిన పని, అతన్ని పై తరగతుల లెక్కలు, సైన్సు క్లాసుల్లో కూర్చోనిచ్చే హైస్కూల్ కోసం వెతకడం. ఎక్కడా కుదరలేదు. అప్పుడే డీన్‌ను ఒప్పించి 13 ఏళ్ళకు హాప్కిన్స్‌లో చేర్పించారు. బేట్స్ 17 ఏళ్ళకల్లా డిగ్రీ, మాస్టర్స్ రెండూ పూర్తి చేశాడు. ఆ అనుభవంతోనే 1971లో స్టాన్లీ మొదలుపెట్టిన పరిశోధన వేలమంది పిల్లల్ని దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చింది.

గణితంలో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న టెరెన్స్ టావో విషయంలో తల్లిదండ్రులు చేసింది నాకు ఇంకా నచ్చుతుంది. ఆస్ట్రేలియాలో అతను తొమ్మిదేళ్ళకే ఫ్లిండర్స్ యూనివర్సిటీలో లెక్కల క్లాసులకు వెళ్ళేవాడు. కానీ పూర్తిస్థాయి విద్యార్థిగా చేరింది 14 ఏళ్ళకు. అంత తెలివైన పిల్లవాడికి కూడా ఐదేళ్ళపాటు ఒక కాలు స్కూల్లోనే ఉంచారు. లెక్కల్లో ముందుకెళ్ళనిచ్చి, మిగతావన్నీ వాటి వేగంలో రానిచ్చారు.

వదలక తప్పనప్పుడు

అయినా కొందరికి స్కూలు వదలడమే సరైన దారి. చుట్టుపక్కల కమ్యూనిటీ కాలేజీ లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు ఉంటారు. స్కూల్లో తన ధోరణి అర్థం చేసుకునే స్నేహితుడు ఒక్కడూ దొరక్క రోజురోజుకీ ముడుచుకుపోతున్న పిల్లలు ఉంటారు. అలాంటివాళ్ళకు బ్యాచ్‌తో కలిసి వెళ్ళే ప్రోగ్రాంలు చూడాలి.

టెక్సాస్‌లో డెంటన్ ఊళ్ళోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో టామ్స్ అనే అకాడమీ ఉంది. 1987లో రాష్ట్ర శాసనసభ దీన్ని ఏర్పాటు చేస్తే మరుసటి ఏడాది క్లాసులు మొదలయ్యాయి. పదో తరగతి అయిన టెక్సాస్ పిల్లలు రెండేళ్ళు యూనివర్సిటీ క్యాంపస్‌లోనే తమకోసం ఉన్న హాస్టల్లో ఉండి, యూనివర్సిటీ క్లాసులే చదువుతారు. చివర్లో హైస్కూల్ డిప్లొమా వస్తుంది, రెండేళ్ళ కాలేజీ క్రెడిట్లూ వస్తాయి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోని తెలుగు పిల్లలకు ఇది గంటలోపు దూరమే.

సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ 1977లో హాల్బర్ట్ రాబిన్సన్ అనే ప్రొఫెసర్ చొరవతో ఇంకా చిన్న పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. తెలివితేటలు మాత్రమే చూసి నేరుగా క్లాసుల్లో కూర్చోబెడితే కొందరు తడబడ్డారు. కొన్నేళ్ళకే మధ్యలో ఒక ఏడాది ట్రాన్సిషన్ స్కూల్ అని పెట్టారు. వ్యాసం ఎలా రాయాలి, ప్రొఫెసర్‌ను ఎలా అడగాలి, నాలుగు గడువులు ఒకే వారంలో పడితే ఏం చేయాలి, ఇవన్నీ ఆ ఏడాదిలో నేర్పేవారు. తడబాటు ఎక్కడ వస్తుందో చూసి దానికి మందు కనిపెట్టిన ప్రోగ్రాం ఇది. మీరు చూస్తున్న కాలేజీలో దీనికి సమానమైనది ఏముందో అడగండి. "అడ్వైజర్ ఉంటారు" అన్న జవాబు చాలదు.

1964లో ఎలిజబెత్ బ్లాడ్జెట్ హాల్ స్థాపించిన సైమన్స్ రాక్ మొత్తం ఈ వయసు పిల్లల కోసమే పుట్టిన కాలేజీ. మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో 1966లో మొదటి విద్యార్థులు చేరారు, 1979లో బార్డ్ కాలేజీలో భాగమైంది. 2024 చివర్లో ఆ క్యాంపస్ మూసేస్తున్నట్టు ప్రకటించి, కాలేజీని న్యూయార్క్ రాష్ట్రంలో బార్డ్ దగ్గరికి తరలించారు. ఆరు దశాబ్దాల పేరున్న చోటే ఇలా జరిగింది. చిన్న ప్రోగ్రాంల్లో చేర్చేటప్పుడు, రెండేళ్ళ తర్వాత అవి అక్కడే అలాగే ఉంటాయా అని అడగడం మన హక్కు.

కాగితాల సంగతి

స్కూలు వదలడంలో కనిపించని ఖర్చంతా కాగితాల్లో ఉంది. హైస్కూల్లో ఉంటూ ఎన్ని కాలేజీ క్రెడిట్లు తెచ్చుకున్నా సాధారణంగా ఫ్రెష్‌మన్‌గానే, అంటే మొదటి ఏడాది కొత్త విద్యార్థిగానే, దరఖాస్తు చేసుకోవచ్చు. స్కూలు వదిలి రెగ్యులర్ డిగ్రీ విద్యార్థిగా చేరాక వేరే యూనివర్సిటీకి మారాలంటే ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఆ సీట్లు చాలా తక్కువ. ప్రిన్‌స్టన్ అయితే దాదాపు మూడు దశాబ్దాలు ట్రాన్స్‌ఫర్లే తీసుకోకుండా ఉండి 2018లో మళ్ళీ మొదలుపెట్టింది. పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్పులు కూడా ఎక్కువగా ఫ్రెష్‌మన్లకే. రెండేళ్ళు మిగులుతాయని వెళ్ళి నాలుగేళ్ళ స్కాలర్‌షిప్ పోగొట్టుకోవడం జరుగుతుంది.

డిప్లొమా ఎవరిస్తారో ముందే తేల్చుకోవాలి. కొన్ని ప్రోగ్రాంలలో అది దానంతట అదే వస్తుంది. కాలిఫోర్నియాలో 16 నిండినవాళ్ళకు ప్రావీణ్య పరీక్ష ఉంది, పాసైతే డిప్లొమాకు సమానమైన సర్టిఫికెట్ ఇస్తారు. కొన్నిచోట్ల ఏదీ ఉండదు. రేపు ఇండియాలో మెడిసిన్ చేయాలనుకుంటే నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో 12వ తరగతికి సమానమైన అర్హత అడుగుతారు. ఆ రోజున "12 చదవలేదు గానీ డిగ్రీ ఉంది" అని ఆఫీసుల చుట్టూ తిరగడం తలనొప్పి.

తల్లిదండ్రులకు అసలు షాక్, విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టంతో తగులుతుంది. పిల్లకు 16 ఏళ్ళే అయినా, కాలేజీలో చేరిన రోజు నుంచి ఆమె చదువు రికార్డుల మీద హక్కు ఆమెదే. తల్లి రిజిస్ట్రార్ ఆఫీసుకు ఫోన్ చేసి "మా అమ్మాయి మిడ్‌టర్మ్ మార్కులెంత?" అని అడిగితే, మర్యాదగానే "విద్యార్థినిని అడగండి మేడం" అంటారు. పన్ను లెక్కల్లో తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి అయితే కాలేజీ ఇష్టపడి చెప్పొచ్చు, చెప్పాలన్న నిర్బంధం మాత్రం లేదు. నిన్నటిదాకా స్కూల్ పోర్టల్‌లో ప్రతి క్విజ్ మార్కూ సాయంత్రానికి చూసిన ఇంట్లో ఇది పెద్ద మార్పు. ఆ పోర్టల్ చూసి రోజూ గుర్తుచేస్తేనే హోంవర్క్ అయ్యే పిల్లల్ని పంపకండి. సిద్ధంగా ఉన్నారో లేదో చెప్పే గుర్తుల్లో నేను అన్నిటికన్నా నమ్మేది ఇదే: ఎవరూ అడగకపోయినా గడువులోపు పని పూర్తవుతోందా? ఐక్యూ, ఎస్ఏటీ స్కోర్లు దీని తర్వాతే.

ఇక వీసా. తల్లిదండ్రులు హెచ్‌1బీ మీద ఉంటే పిల్లలు హెచ్‌4 మీద ఉంటారు, 21 నిండగానే సాధారణంగా ఆ హోదా పోతుంది. 16కు చేరితే 20కి డిగ్రీ చేతికొస్తుంది, 21 లోపు అయిపోతుంది, ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్ళకుండే తక్కువ ఫీజు) కూడా దక్కొచ్చు అని చాలామంది లెక్కేస్తున్నారు. ఫీజు వరకు ఆ లెక్క నిలబడుతుంది. ఉద్యోగం విషయంలో నిలబడదు. హెచ్‌4 మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు, పెయిడ్ ఇంటర్న్‌షిప్ కూడా కుదరదు. చదువయ్యాక ఓపీటీ, అంటే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, కావాలంటే చదువుతుండగానే ఎఫ్‌1 విద్యార్థి వీసాకు మారాలి. కొన్ని యూనివర్సిటీల్లో అలా మారగానే ఫీజు మారిపోతుంది. కాబట్టి వీసా భయంతో రెండేళ్ళు ముందుకు జరిపితే, ఆ చిక్కు తీరదు, అది 19 ఏళ్ళ పిల్ల నెత్తిన ఇంకా ముందుగా పడుతుంది. లాయర్‌తో కూర్చుని ఏ సెమిస్టర్‌లో ఏ హోదాలో ఉంటుందో కాగితం మీద రాయించుకోకుండా ఈ కారణంతో నిర్ణయం తీసుకోవద్దు.

పిల్ల మాట

వయసుకు మించి ముందుకెళ్ళిన పిల్లలు దెబ్బతింటారన్న నమ్మకం మన పెద్దవాళ్ళలో గట్టిగా ఉంది. పరిశోధనలు దాన్ని బలపరచలేదు. 2004లో వచ్చిన ఏ నేషన్ డిసీవ్డ్ అన్న నివేదిక అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, సరైన పిల్లల్ని ముందుకు పంపితే చదువులోనూ, మనసుకూ సాధారణంగా మేలే జరుగుతుందని చెప్పింది. తెలుగు కుటుంబంలో పుట్టిన బాలమురళి అంబటి 13 ఏళ్ళకు న్యూయార్క్ యూనివర్సిటీ డిగ్రీ, 1995లో 17 ఏళ్ళకు డాక్టర్ పట్టా అందుకుని, కంటి వైద్యుడిగా, ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు.

అయితే ఆ అధ్యయనాల్లోని పిల్లలు పరీక్షలు దాటి, ఇంటర్వ్యూలు దాటి, తమ ఇష్టంతో వెళ్ళినవాళ్ళు. తండ్రి స్ప్రెడ్‌షీట్‌లో ఫీజు కలిసొచ్చిందని వెళ్ళిన పిల్లలకు ఆ ఫలితాలు వర్తిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే మీ అమ్మాయిని "వెళ్తావా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు మన పిల్లలు మన మొహం చూసి జవాబు చెప్తారు. "వచ్చే రెండేళ్ళు స్కూల్లోనే ఉంటే ఏది పోగొట్టుకుంటావు? వెళ్తే ఏది పోగొట్టుకుంటావు?" అని అడిగి, రెండు జాబితాలూ తననే రాయమనండి. మొదటి జాబితాలో ఫలానా సబ్జెక్టు, ఫలానా ల్యాబ్ అని స్పష్టంగా ఉంటే ఆలోచించాలి. స్కూలంటే విసుగు అని మాత్రమే ఉంటే ఆ విసుగుకు కారణం ముందు వెతకాలి. ఏడిపించేవాళ్ళు ఉన్నారా, డిప్రెషన్ ఉందా, స్నేహం చెడిందా? ఇవన్నీ కాలేజీకి తనతోపాటే వస్తాయి.

అన్నీ కుదిరి పంపాలనే నిశ్చయించుకుంటే, చేరేముందు రెండు ఈమెయిల్స్ పంపండి. ఒకటి స్కూల్ డిస్ట్రిక్ట్‌కు: డిసెంబర్‌లో తిరిగొస్తే ఏ తరగతిలో చేర్చుకుంటారు, కాలేజీలో చదివిన సెమిస్టర్‌కు ఎన్ని క్రెడిట్లు ఇస్తారు? రెండోది కాలేజీకి: మైనర్ విద్యార్థి హాస్టల్లో ఉండొచ్చా, జబ్బు చేస్తే వైద్యానికి ఎవరి సంతకం కావాలి, 18 లోపువాళ్ళను ఏ ల్యాబుల్లోకి రానివ్వరు, ఏ తేదీలోపు మానేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఎఫ్ పడకుండా ఉంటుంది? ఫోన్లో చెప్పిన మాట మీద ఆగకండి, జవాబులు రాతలో తెప్పించుకోండి. ఆ ఈమెయిల్స్ రాసే పని మీ అమ్మాయికే అప్పజెప్పండి, గడువు తేదీ కూడా తననే పెట్టుకోమనండి.